ఐదు వందల ఎనభై మూడు సోమవారాలు

"కాస్త చూస్తూ ఉండు" అని ఎవరైనా చెబితే మనలో చాలామందిమి ఆ పూటకి చూస్తాం. మరీ బుద్ధిమంతులైతే వారం రోజులు చూస్తారు. ఆ తర్వాత చెప్పినవాళ్ళూ మర్చిపోతారు, విన్నవాళ్ళూ మర్చిపోతారు, లోకం హాయిగా నడిచిపోతుంది.

పిడుగు వాళ్ళ మావయ్యకి మాత్రం ఈ సౌకర్యం ఒకటుందని తెలియదు.

ఆయన ఒక ఆరంతస్తుల అపార్ట్‌మెంట్‌కి కేర్‌టేకర్. మోటారు, లిఫ్టు, మెట్లు, కారే కుళాయిలు, కాలిపోయే బల్బులు అన్నీ ఆయన లెక్కలోవే. పదకొండేళ్ళ క్రితం ఒక ఎండాకాలంలో, కింద కరెంటు మీటర్ల పక్క గోడ మీద నిలువుగా ఒక పగులు కనబడింది. కట్టించిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. దాన్ని వేలితో తడిమి, "కాస్త చూస్తూ ఉండు" అని చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి ఆ కంపెనీ కూడా బోర్డు తిప్పేసింది. ఇక చూడడం ఆపమని మావయ్యకి ఎవరూ చెప్పలేదు. అందుకని ఆయన చూస్తూనే ఉన్నాడు.

చూడడమంటే ఊరికే నిలబడి చూడడం కాదు. ప్రతి సోమవారం పొద్దున్న ఏడింటికి, మోటారు వేయడానికి ముందు, పగులు మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో ఫోన్‌లో ఒక్క ఫోటో తీస్తాడు. తీసి జేబులో పెట్టుకుని మోటారు వేస్తాడు. ఎవరికీ చూపించడు, ఎవరితోనూ చెప్పడు. గుమ్మం తుడుచుకున్నామని ఎవరైనా చాటింపు వేస్తారా?

ఈ సంగతంతా పిడుగుకి తెలిసింది ఒక శనివారం పొద్దున్న, మావయ్య ఫోన్ చేసి "నీ కంప్యూటరు పట్టుకుని రావే, కాస్త పనుంది" అంటే వచ్చిన తర్వాత. పిడుగు ఆమె ముద్దుపేరు. చిన్నప్పుడు పడ్డ పేరు, ఇరవయ్యేడేళ్ళొచ్చినా వదల్లేదు. వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. "తప్పులు పడితే జీతమిస్తారా? మీ అత్త పాతికేళ్ళుగా ఉచితంగా చేస్తోంది" అని మావయ్య కనబడ్డప్పుడల్లా అంటాడు. ఆ రోజు అనలేదు. దాంతోనే పిడుగుకి అర్థమైంది, వ్యవహారం పెద్దదేనని.

మీటర్ల గదిని ఆనుకుని రెండు గదుల ఇల్లు వాళ్ళది. ముందు గదిలో కిటికీ పక్కన అత్త కుట్టుమిషను తొక్కుతోంది, దాని మీద ఎవరివో సగం కుట్టిన కర్టెన్లు. మావయ్య ఒక కాగితం పిడుగు ముందు పెట్టాడు.

"సోమవారం పదింటికి మీటింగు. ఇది ఖాయం చేస్తారట."

బిల్డింగు పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలని నోటీసు. కింది గోడలో పగులు వేగంగా పెరుగుతోందట. మునిసిపాలిటీకి కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ మూడుసార్లు కొలిచిందట. ఎండలు ముదరకముందు రెండు మిల్లీమీటర్లు, నెల తర్వాత మూడు, మొన్న నాలుగు.

"మూడు సార్లూ పెరిగింది కదా మావయ్యా" అంది పిడుగు.

"పెరుగుతుందే. ప్రతి ఏడూ పెరుగుతుంది. వానలు పడ్డాక మళ్ళీ మూసుకుంటుంది. అదే చెప్పాను. అసోసియేషన్ సెక్రటరీ గారు నా భుజం తట్టి, 'నీకు బిల్డింగంటే ప్రేమ, మాకు తెలుసులే' అన్నారు. ప్రేమేంటి నా మొహం! కొలత అది. ఆయనకి చూపిద్దామంటే ఫోన్‌లో అన్నీ మసక."

"ఏవి మసక?"

"ఫోటోలు. పైకి వెళ్ళిపోయాయి కదా. నువ్వే అన్నావు, ఫోన్ పోయినా ఇవి పోవు, పైన భద్రంగా ఉంటాయి, నువ్వేం దిగులు పెట్టుకోకు అని. ఇప్పుడు దిగులు పట్టుకుంది. దింపు."

పిడుగు నవ్వాపుకుంది. "పైన అంటే పైన కాదు మావయ్యా. ఎక్కడో ఎవరిదో పెద్ద గోడౌను. అందులో మన సామాను ఉంటుంది. నీ ఫోన్‌లో ఉన్నది ఆ సామాను తాలూకు చీటీ."

"సరే, చీటీ చూపించి సామాను తెప్పించు. మన ఇంట్లో, మన పెట్టెలో ఉండాలి. రేపు వాళ్ళు ఒక్కొక్కటే పెద్దది చేసి చూపించమంటే, ఆ చక్రం తిరుగుతూ కూర్చుంటే ఎవరు ఆగుతారు?"

"ఒకవేళ చూశాక, నిజంగానే పెరిగిందని తేలితే?"

మావయ్య ఆ ప్రశ్నకి సిద్ధంగానే ఉన్నట్టు కనిపించాడు. "తేలితే ఖాళీ చేద్దాం. ఆరో అంతస్తు ముసలాయన బీరువా నేనే దింపుతా. ఇక్కడ ముప్ఫై ఆరు ఇళ్ళున్నాయి, మనది కలిపితే ముప్ఫై ఏడు. ఉండొచ్చో లేదో తెలియాలి కదే. నాకు కావాల్సింది అదే."

పిడుగు లాప్‌టాప్ తెరిచింది. పాస్‌వర్డు మావయ్య చిన్న పుస్తకంలో, ప్లంబర్ నంబరుకీ లిఫ్టు కంపెనీ నంబరుకీ మధ్య రాసుంది. తెర మీద గోడలు వరుసకట్టాయి. గోడ, స్కేలు, బొటనవేలు. గోడ, స్కేలు, బొటనవేలు.

"మొత్తం ఎన్నుండాలి?"

"ఐదు వందల ఎనభై మూడు" అన్నాడు మావయ్య, ఆలోచించకుండా.

పిడుగు లెక్క చూసింది. నూట తొంభై రెండు.

మళ్ళీ చూసింది. తొలి ఏడాదివి పది లేవు. మధ్యలో నెలకి ఒకటి, కొన్ని నెలలకి అదీ లేదు. గత రెండేళ్ళవి మాత్రం వారం తప్పకుండా ఉన్నాయి. రెండేళ్ళ క్రితం ఒక తేదీ దగ్గర ఎవరో గీత గీసినట్టు తేడా. తప్పులు పట్టుకోవడంలో ఆరితేరిన బుర్ర కదా, ఆ తేదీ ఏమిటో దానికి చప్పున తట్టింది. 

రెండేళ్ళ క్రితం ఆమె ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. స్థలం నిండిపోయిందని ఫోన్ గోల పెడుతోందని మావయ్య చూపించాడు. "ఇంత చిన్నదానికి కంగారెందుకు?" అని, ఒకేలాంటి ఫోటోలు ఏరిపారేసే సదుపాయం ఏదో నొక్కింది. మూడు వందల తొంభై ఒక్క ఫోటోలు ఒకేలా ఉన్నాయి, తీసేయమంటారా అని అడిగింది ఫోన్. ఏవో గోడలు. తీసేయమంది. ఖాళీ అయిన స్థలం ఎంతో మావయ్యకి గొప్పగా చూపించి, ఇంకో కప్పు టీ కూడా పుచ్చుకుంది.

చెత్తబుట్టలో వెతికింది. అక్కడ రెండు నెలలకి మించి ఏదీ ఉండదని ఆమెకి తెలుసు. అయినా వెతికింది.

ఇప్పుడు కంపెనీ మీదకి నెట్టేయొచ్చు. "వాళ్ళ సర్వర్లలో ఏదో పోయినట్టుంది మావయ్యా" అంటే ఆయన నమ్ముతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మావయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని తెరని చూస్తున్నాడు. ఆ చూపు ముందు అబద్ధం ఆడడం కుదరలేదు.

"మావయ్యా, నేనే తీసేశాను" అంది. "ఆ రోజు. స్థలం కోసం. అన్నీ ఒకేలా ఉన్నాయని..."

 కుట్టుమిషను ఆగింది.

"ఒకేలా ఉన్నాయా లేదా తెలుసుకుందామనే కదే తీశాను" అన్నాడు చివరికి. కోపం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది. "పోనీలే. నువ్వేం కావాలని చేశావా! నూట తొంభై ఉన్నాయిగా. వాటితో చెబుదాం."

"చాలవు మావయ్యా. ఈ రెండేళ్ళవి తప్ప వానాకాలంవి ఒక్కటీ సరిగ్గా లేవు. ఏటా మూసుకుంటుందన్నదానికే సాక్ష్యం లేదు." పిడుగు అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఏమిటే ఆ ఏడుపు?" అంది అత్త, నోట్లోని గుండుసూది తీసి కర్టెన్‌కి గుచ్చుతూ. "గోడ ఫోటోలే కదా? నా దాంట్లో బోలెడున్నాయి."

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

"నీ దాంట్లోకి ఎలా వచ్చాయోయ్?" అన్నాడు మావయ్య.

"నన్నడుగుతారేం? దాన్నడగండి. నాకు ఫోన్ కొన్న రోజున, 'అత్తా, మావయ్య తీసేవన్నీ నీకూ వస్తాయి, జంటగా పెట్టాను, చూడు ఎంత ముద్దుగా ఉందో' అంది. ఏమొస్తాయో అనుకున్నా. గోడలు! మా అక్క వాళ్ళాయన పూలు పంపిస్తాడు, కొండలు పంపిస్తాడు. ఈయన వారం వారం గోడ పంపిస్తాడు. ఎవరికి చెప్పుకోను?"

పిడుగు ఒక్క అంగలో మిషను దగ్గరికి చేరింది. ఏడేళ్ళ క్రితం, తను చేసిన చిన్న ఏర్పాటు. మావయ్య ఖాతాలో ఉన్నవన్నీ, పాతవి సహా, అత్త ఖాతాలో ఒక కాపీ పడేలా. అది వేరే కాపీ. మావయ్య వైపు చెరిపేసినా అత్త వైపు చెరగదు. ఫోన్ తెరిచి వేలితో కిందికి లాగింది. గోడ. గోడ. గోడ. గోడ.

"అత్తా! నువ్వు ఒక్కటీ తీసేయలేదా?"

"తీసేయడం నాకు రాదే" అంది అత్త, తప్పు చేసినదానిలా. "నేర్పిస్తానన్నావు, నేర్పకుండానే వెళ్ళిపోయావు."

పిడుగు ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టింది. అత్త "అబ్బ, సూదులున్నాయే!" అని కసిరింది.

అత్త ఖాతాలో అయిదు వారాల క్రితం వరకూ ఉన్నాయి. ఆ తర్వాత ఆమెకీ స్థలం నిండిపోయి రావడం ఆగిపోయింది. ఆ అయిదూ మావయ్య దగ్గరున్నాయి. రెండు ఖాతాలూ కలిపితే అన్నీ దొరుకుతాయి. పిడుగు రెంటి నుంచీ మొత్తం దింపుకోవడానికి అర్జీ పెట్టింది. పెడుతూ ఒక్కో గడీ రెండుసార్లు చదివింది. నాణ్యత తగ్గించకుండా, తీసినది తీసినట్టే కావాలి. కుదించినవైతే స్కేలు మీద గీతలు అలుక్కుపోతాయి, గీతలు లేకపోతే అది ఉత్త గోడే.

"ఇప్పుడు?" అన్నాడు మావయ్య.

"ఇప్పుడు వాళ్ళు మూటలు కట్టి, తీసుకెళ్ళమని మెయిల్ పంపుతారు. ఎప్పుడొస్తుందో తెలియదు. గంటలు పట్టచ్చు, రోజులు పట్టచ్చు."

"రోజులు లేవు కదే."

"తెలుసు."

మెయిల్ ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి వచ్చింది. మొత్తం ఏడు మూటలు. అత్త ఫోన్‌లో ఉన్న ప్రతి రవిక డిజైనూ, మావయ్య ఫోన్‌లో ఉన్న ప్రతి పాడైపోయిన కుళాయీ వాటిలో ఉన్నాయి. గోడలొక్కటే ఏరి పంపమంటే గోడౌనువాళ్ళు వినరు. ఇంటర్నెట్ చూస్తే నత్తని తలదన్నేలా ఉంది. తెర మీద నీలం పట్టీ ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది.

ఇలాంటప్పుడు మామూలు మనుషులు లేచి వేరే పని చూసుకుంటారు. మావయ్య కుర్చీ లాక్కుని పట్టీ ముందు కూర్చున్నాడు.

"నువ్వు చూసినంత మాత్రాన తొందరగా రాదు మావయ్యా."

"తెలుసు."

"మరి?"

"ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా."

మూడో మూట తొంభై ఎనిమిది శాతం దగ్గర ఆగిపోయింది. అప్పుడు పిడుగు వంటింట్లో ఉంది. "అమ్మాయ్, కదలడం లేదు!" అని మావయ్య కేకేస్తే పరుగెత్తుకొచ్చింది. ఆయన అక్కడ లేకపోతే ఇంకో రెండు గంటలు ఎవరికీ తెలిసేది కాదు. మళ్ళీ మొదటినుంచి. మధ్యాహ్నం మూడింటికి ఏడు మూటలూ ఇంట్లో ఉన్నాయి. పిడుగు అరచేతిలో పట్టేంత హార్డ్ డిస్కు ఒకటి తెచ్చింది, వాటిని అందులోకి ఎక్కించింది, ఇంకో కాపీ తన లాప్‌టాప్‌లో ఉంచింది, మూడోది మావయ్య కోసం పెన్‌డ్రైవ్‌లో. ఒకసారి కాలినవాళ్ళకే తెలుస్తుంది మరి.

మూటలు విప్పింది. విప్పగానే ప్రాణం పోయినంత పనయింది. అన్ని ఫోటోల పక్కనా ఒకే తేదీ. ఈ రోజుది.

"పోయాయా?" అన్నాడు మావయ్య, ఆమె మొహం చూసి.

"ఆగు, ఆగు. ఇది దింపిన తేదీ. తీసిన తేదీ ఫోటో లోపలే ఉంటుంది, చొక్కా మడతలో దర్జీ గుర్తులా. విప్పి చదవాలంతే." నాలుగు వరసల ప్రోగ్రామ్ రాసింది. సోమవారం ఏడింటికి తీసినవి మాత్రమే ఏరి, రెండు ఖాతాల్లోనూ ఉన్నవి ఒకసారే లెక్కపెట్టమంది. పాత నుంచి కొత్తకి వరుసలో పెట్టమంది. చివర్న లెక్క పడింది.

ఐదు వందల ఎనభై రెండు.

"ఒకటి తక్కువ మావయ్యా."

"అదేనే, ఒకసారి లిఫ్టులో ఇరుక్కున్నా. ఏడున్నరకి తీశాను."

వెతికితే దొరికింది. ఏడుగంటల ముప్ఫై ఒక్క నిమిషం. పిడుగు దాన్ని దాని చోట్లో పెట్టింది.

"అత్తా, నువ్వూ రా" అంది. కిటికీ తెర వేసింది. ముగ్గురూ మంచం అంచున కూర్చున్నారు. సెకనుకి పది ఫోటోల చొప్పున కదిలేలా పెట్టి, మీట నొక్కింది.

మొదట ఆమెకి బొటనవేలు కనబడింది. గోడ కదలడం లేదు, స్కేలు కదలడం లేదు, బొటనవేలు మాత్రం గిలగిల్లాడుతోంది. పదకొండేళ్ళ బొటనవేలు. ఒకచోట గోరు సుత్తి దెబ్బకి నల్లబడింది. ఆ నలుపు ఒక్కో వారానికి ఒక్కో పిసరు పైకి జరుగుతూ జరుగుతూ గోటి అంచు దాకా వచ్చి జారిపోయింది. చర్మం మీద గీతలు లోతయ్యాయి. గోడ మీద సున్నం కొత్తదై, పాతబడి, మళ్ళీ కొత్తదైంది.

అప్పుడు పగులు కనబడింది.

అది తెరుచుకుంటోంది. మెల్లగా, నిద్రలో పెదవులు విడినట్టు. ఎండాకాలమంతా తెరుచుకుని, వానలకి దగ్గరపడి, వెంట్రుకవాసి సందు మిగిలేదాకా మూసుకుంది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. ఆరంతస్తుల కాంక్రీటూ ఇటుకా ఇనుమూ, అయిదు సెకన్ల చిల్లరకి ఒక ఏడాది లెక్కన, ఊపిరి తీసుకుంటోంది.

 పిడుగు తన ఊపిరి కూడా దాంతో కలిసి ఆడుతోందని గమనించి, బలవంతంగా వేరుచేసుకుంది.  ఇది ఆమె కాలేజీ సెలవులన్నీ గడిపిన ఇల్లు. ఆ గోడకి ఆనుకుని ఫోన్లు మాట్లాడింది, సైకిలు ఆనించింది. అది కదులుతోందని ఏనాడూ అనుకోలేదు.

"ఏమండీ" అంది అత్త చివరికి, చిన్న గొంతుతో. "వారం వారం ఇదా మీరు పంపింది?"

"నాకూ తెలియదోయ్" అన్నాడు మావయ్య. ఆయన కళ్ళు తెర మీంచి కదలలేదు. "నేను ఒక్కొక్కటే చూశాను. ఇలా ఎప్పుడూ చూళ్ళేదు."

మళ్ళీ వేయమన్నాడు. ఈసారి నెమ్మదిగా. ఒకచోట పిడుగు ఆపేసింది. ఆ ఫోటోలో వేలు మావయ్యది కాదు. సన్నటి వేలు, గోరు మీద నీలం పెన్నుతో గీసిన నవ్వుముఖం.

"ఎవరిదిది?"

"నీదేనే! నాకు ఆపరేషనయి ఆసుపత్రిలో ఉంటే, మీ అత్త నా దగ్గరుంది, నువ్వు వచ్చి నా ఫోన్‌తో తీశావు. పదిహేడేళ్ళు నీకప్పుడు. గొణుక్కుంటూ లేచావట."

పిడుగుకి గుర్తులేదు. ఒక్క పిసరు కూడా గుర్తులేదు. కానీ స్కేలు సరిగ్గా అదే ఎత్తులో, అదే వంపులో ఉంది. తెలియకుండా ఇంత పెద్దదాన్లో తనూ ఒక సోమవారం మోసింది. రెండేళ్ళ క్రితం తను చెరిపేసినవాటిలో అదీ ఉండి ఉంటుంది.

సాయంత్రం దాకా ముగ్గురూ కూర్చుని ఏడాదికి రెండు చొప్పున చదివారు. బాగా తెరుచుకున్నప్పటిది ఒకటి, బాగా మూసుకున్నప్పటిది ఒకటి. మావయ్య గీతలు లెక్కపెట్టి చెబితే పిడుగు రాసింది. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతిదీ సరిచూసింది. ఒకచోట మావయ్య అర మిల్లీమీటరు తక్కువ చెప్పాడని పట్టుకుంది కూడా.

సోమవారం పదింటికి కింద హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నలభై మంది దాకా వచ్చారు. కొందరి చేతుల్లో అప్పుడే ఇళ్ళ బ్రోకర్ల కార్డులున్నాయి. ఇంజనీరమ్మ సన్నగా, ఎండకి కమిలి, రోజంతా మెట్లెక్కి దిగే మనిషిలా ఉంది. సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు.

"మన కేర్‌టేకర్ ఏవో ఫోటోలు చూపిస్తాడట. రెండు నిమిషాలు చూసేసి, సంతకాలు పెట్టుకుందాం."

"ఒక్క నిమిషం చాలండీ" అంది పిడుగు. "అరవై సెకన్లకి రెండు తక్కువ."

తెల్లగోడ మీద బొమ్మ పడింది. మొదటి ఏడాది అయ్యేసరికి కుర్చీల చప్పుడు ఆగింది. మూడో ఏడాదికి ఎవరో చిన్నగా "అమ్మో" అన్నారు. ఆరో అంతస్తు ముసలాయన లేచి నిలబడి గోడ దగ్గరికి నడిచాడు. చివరి ఎండాకాలం తెరుచుకుని, బొమ్మ ఆగిపోయింది. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు.

"మళ్ళీ వేయండి" అంది ఇంజనీరమ్మ.

మూడుసార్లు చూసింది. తర్వాత పిడుగు రాసిన కాగితం అడిగి తీసుకుంది. బాగా తెరుచుకున్నప్పటి వరుస మీద వేలు పెట్టలేదు. బాగా మూసుకున్నప్పటి వరుస మీద పెట్టి, ఒక్కో అంకె మీదా ఆగుతూ కిందికి దించింది. పదకొండు వానాకాలాలు. అర మిల్లీమీటరు, అర, అర, అరకి కాస్త ఎక్కువ, అర. రెండు చివర్లలో ఉన్న ఫోటోలు పక్కపక్కన పెట్టించి, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి గీతలు తనే లెక్కపెట్టింది.

"ఎవరు చెప్పారండీ మీకిలా తీయమని?"

"ఒక ఇంజనీరు గారు చూస్తూ ఉండమన్నారండీ" అన్నాడు మావయ్య.

"వారం వారం తీయమన్నారా?"

"అలా అనలేదండీ. ఎన్నాళ్ళని కూడా అనలేదు."

 ఆమె జనం వైపు తిరిగింది.

"నా దగ్గరున్నవి మూడు కొలతలు. మూడూ ఎండలు ముదిరేటప్పుడువే. వాటితో ఎవరైనా నేను రాసిందే రాస్తారు, నేను రాసింది తప్పు కాదు. కానీ ఇది పెరిగే పగులు కాదు. మీ బిల్డింగు కింద ఉన్నది ఎండితే ముడుచుకుని, తడిస్తే ఉబ్బే మట్టి. ఏటా ఇంత కదిలి, ఏటా వచ్చి తన చోట్లోనే కూర్చుంటోంది. పదకొండేళ్ళలో తేడా ఈ స్కేలు గీత మందం కూడా లేదు." నోటీసు మడిచి తన ఫైల్లో పెట్టుకుంది. "ఇది వెనక్కి తీసుకుంటున్నాను. ఏడాది పాటు నా పరికరం కూడా పెడతాను, నేనూ కొలుస్తాను. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

ఒక్కసారిగా అందరూ మాట్లాడడం మొదలుపెట్టారు. సెక్రటరీ గారు మావయ్య భుజం తట్టబోయి, ఎందుకో ఆగి, చెయ్యి చాపారు. మావయ్య తన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఇచ్చాడు.

"ఆ ఫోటోలన్నీ నాకో కాపీ కావాలి" అంది ఇంజనీరమ్మ పిడుగుతో. "అన్నీ. కుదించకుండా. ఇలాంటిది నేను పుస్తకాల్లో చదివాను, చూడలేదు."

పిడుగు కాపీ పెట్టింది. అది పూర్తయ్యేలోపు హాలు ఖాళీ అయిపోయింది. రెండో అంతస్తులో నీళ్ళు రావడం లేదని ఎవరో చెబితే మావయ్య అటు వెళ్ళాడు. అత్త కర్టెన్లు ఇవ్వాల్సిన రోజని లోపలికి వెళ్ళింది.

పిడుగు మీటర్ల పక్కకి వచ్చింది. పగులు మామూలుగా ఉంది. నాలుగు మిల్లీమీటర్ల నల్లటి గీత, దాని చుట్టూ స్కేలు రుద్దుకుని మెరిసే పట్టీ. మీటర్లు ముప్ఫై ఏడూ తిరుగుతున్నాయి. పైన ఎక్కడో బల్ల జరుపుతున్నారు. ఒక పిల్ల మెట్ల మీద దూకుతూ లెక్కపెడుతోంది. ఎవరో పాట పెద్దగా పెట్టారు, ఎవరో తగ్గించమని అరిచారు. ఈ బల్లల్నీ, ఈ పిల్లనీ, ముసలాయన బీరువానీ, అత్త మిషన్నీ, మనుషులందర్నీ వాళ్ళ నిద్రలతో సహా, కిందున్న మట్టి పదకొండుసార్లు ఎత్తి, పదకొండుసార్లు దించింది. ఎవరి గ్లాసులోనూ నీళ్ళు తొణకలేదు.

అరచెయ్యి గోడకి ఆనించింది. ఏమీ తెలియలేదు. చల్లగా ఉందంతే. అయినా చాలాసేపు తియ్యలేదు.

లిఫ్టు ఖాళీగానే ఉంది. పిడుగు మెట్లెక్కి రెండో అంతస్తుకి, మావయ్య దగ్గరికి వెళ్ళింది. చెప్పుల చప్పుడు కాకుండా, ఒక్కో మెట్టూ మెల్లగా అడుగేస్తూ వెళ్ళింది.